అన్న జాంబీ అవుతాడేమోనని...

మా చిన్నప్పుడు... మా అన్న గిరిని కుక్క కరిచింది.

ఐరాల పక్కన మా ఊరు. బెల్లం వండే గానుగ దగ్గర నాయనకు సద్ది ఇచ్చి వస్తుంటే పిక్క పట్టుకుంది. కరిచి చెరకు తోటలో దూరింది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు...

ఆ కనబడకపోవడమే అసలు భయం. కుక్క పది రోజులు బతికుంటే పర్వాలేదు, చస్తే పిచ్చిది అని ఊళ్ళో లెక్క. కుక్కే లేకపోతే ఏం లెక్క?

నాయన ఆ పొద్దే చిత్తూరు తీసుకెళ్ళి సూది వేయించాడు. ఇంకా నాలుగు వేయాలన్నారు. అంతటితో పోయేది. పక్కింటి అవ్వ ఊరుకుంటేగా...

"సూదులు పని సేస్తే సరి మే. లేదంటే నీళ్ళు సూస్తే బయపడతాడు, మనుసుల్ని కరస్తాడు. అప్పుడు గదిలో ఏసి కట్టెయ్యాల్సిందే."

అమ్మతో ఆమె ఈ మాట అంటున్నప్పుడు నేను కొట్టంలో మా ఆవు పక్కనే ఉన్నాను. నాకు తొమ్మిదేళ్ళు. అన్నకు పన్నెండు.

అంతకు ముందు ఆదివారమే ఆ అవ్వ ఇంట్లోనే టీవీలో డబ్బింగ్ సినిమా చూశాం. కరిపించుకున్నవాడు జాంబీ అయిపోతాడు. ఇంట్లోవాళ్ళే వాడిని తుపాకీతో కాల్చేస్తారు... అవ్వ మాట, ఆ సినిమా నా బుర్రలో కలిసిపోయాయి. ముందు అన్నను కట్టేస్తారు. తర్వాత కాల్చేస్తారు. మా ఊళ్ళో ఒక్క తుపాకీ కూడా లేదని నాకు తోచలేదు. రెండు రోజులు అన్నం దిగలేదు.

అప్పుడే ఆవు గుర్తొచ్చింది. మా ఆవు తన్నేది. సంతలో కొని తెచ్చినప్పుడు నాయనను కూడా దగ్గరికి రానివ్వలేదు. అమ్మ ఒక్కటే పని చేసింది... కుడితి పెట్టే ముందు ప్రతిసారీ బక్కెట్ మీద చెంబుతో రెండు దెబ్బలు. నెలకల్లా ఆ చప్పుడు వింటే చాలు, కదలకుండా నిలబడేది. బక్కెట్ ఖాళీగా ఉన్నా సరే.

అంతే! అన్న ఇంకా మనిషిగా ఉన్నప్పుడే నేర్పేయాలి. రేపు జాంబీ అయినా చప్పుడు వింటే కూర్చుంటాడు. బుద్ధిగా కూర్చున్నవాడిని ఎవరు కాలుస్తారు?

స్టీలు గ్లాసు మీద స్పూనుతో మూడు దెబ్బలు. అన్న చేతులు కట్టుకుని నేల మీద కూర్చోవాలి. కూర్చుంటే బెల్లం ముక్క.

ఎందుకో చెప్తే మొదటి రోజు పడీ పడీ నవ్వాడు. "నేనేం ఆవునా మే?"

"కూసోన్నా. కూసుంటేనే బెల్లం."

"ముందు బెల్లం సూపీ."

బెల్లం కోసమే కూర్చున్నాడు దొంగ.

రెండో సూది వేయించుకొచ్చాక మాత్రం నవ్వలేదు. బడిలో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదట. అవ్వ మాట ఊరంతా తిరిగింది. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది... పన్నెండేళ్ళ పిల్లోడికి చెవులుంటాయని ఇంతమంది పెద్దోళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజు వాడే గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"జాంబీకి బెల్లం రుచించదు గదా పాపా. దానికి మనిసి కావాల. అప్పుడెట్ల?"

"అమ్మ ఉత్త బక్కెట్ కొట్టినా ఆవు నిలబడతాది గదా."

"అయితే బెల్లం లేకుండా కొట్టు."

కొట్టాను. కూర్చున్నాడు. గోలీలాడుతుంటే కొట్టాను, నిద్రమత్తులో ఉంటే కొట్టాను... ప్రతిసారీ కూర్చున్నాడు. తల పైకెత్తకుండా అన్నాడు...

"నిజంగా అట్లయితే దగ్గరికి రావద్దు. వాకిట్లో నిలబడే కొట్టు. కూసోకపోతే పరిగెత్తు. ఏం?"

ఐదు సూదులూ అయిపోయాయి. వాడికేం కాలేదు. కానీ 'ఇంక భయం లేదు' అని మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. పెద్దోళ్ళు మరిచిపోయారు, అంతే. వాడు నీళ్ళు తాగిన ప్రతిసారీ నేను వాడి నోరే చూసేదాన్ని... వానాకాలం దాకా గ్లాసు కొడుతూనే ఉన్నాను.

నేను ఇంటరుతో చదువు ఆపేసినదాన్ని. గంట కొట్టి కుక్కలకు ఇలాగే నేర్పారని, దాని మీద పెద్ద చదువే ఉందని తర్వాత ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను. జాంబీ మచ్చికవుతుందా అంటే, కాదనే నా లెక్క. కుడితి తాగితే ఆవుకు కడుపు నిండుతుంది. నిండింది కాబట్టే చప్పుడు గుర్తుంటుంది. సినిమాలో జాంబీకి ఎంత తిన్నా నిండదు. నిండని కడుపుకు ఏం పెట్టి నేర్పుతారు? అన్న అడిగింది అదే.

మచ్చికయ్యేది మనలాంటోళ్ళం. సత్యవేడు దగ్గర ఒక కంపెనీలో లైన్‌లో పని నాది. బజర్ మోగితే లేస్తాం, మోగితే కూర్చుంటాం. నాలుగేళ్ళుగా ఇదే.

పోయిన ఆదివారం తిరుపతిలో అన్న ఇంటికి వెళ్ళాను. వాడు ఆటో తోలుతాడు. అన్నం తింటుంటే పక్కింటి ట్యాంకు నిండి అలారం మోగింది... ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు.

అన్న నన్నే చూశాడు. గ్లాసు తీసుకుని స్పూనుతో మూడు దెబ్బలు కొట్టాడు.

"కూసో పాపా. ఈడ నిన్ను లేపేటోళ్ళు ఎవురూ లేరు."

కూర్చున్నాను. వాడు లేచి డబ్బాలన్నీ వెతికాడు. "బెల్లం ల్యా. చక్కెరే ఉండాది" అని నా అరచేతిలో ఇంత పోశాడు.

మా ఊళ్ళో బెల్లం పొయ్యి ఆరిపోయి ఏళ్ళయింది...

మీ చిన్నప్పుడు మీరు ఎవరి కోసం ఇంత భయపడ్డారు? ఆ భయానికి ఏ పిచ్చి పని చేశారు? కింద రాయండి. రేపు టీ టైములో చదువుతాను... బజర్ మోగేలోపు.