అవిసె నార అంగీ

గోదావరిఖనిలో మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టిన టైలర్ చాచా ఇక లేరు. పోయిన వారం నాన్న ఫోన్ చేసి, "మీ చాచా పోయిండు బిడ్డా" అని ఏడ్చేశారు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆయన్ను తలుచుకుంటూ ఎక్కువసేపు ఏడవడం ఎవరి వల్లా కాదు.

ఎవరు బట్ట తెచ్చినా చాచా ముందు అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించేవారు. అది కరిగి ఉండ కడితే పాలిస్టర్ అని పెదవి విరిచేవారు. కాగితం కాలిన వాసన వస్తే మొహం వెలిగిపోయేది. బట్టకు గాలి ఆడాలె, అప్పుడే మనిషికి పానం ఆడుతది అనేవారు. అక్క పెళ్లిలో కొత్తబావ ప్యాంటు నుంచే పోగు లాగబోతే అందరం కలిసి ఆపాం.

నాన్న బొగ్గుబాయిలో రిటైరైన మే నెలలో, వీడ్కోలు సభకు ముడత పడని చొక్కా కుట్టమని చాచాకు మరీ మరీ చెప్పారు. చాచా తనకు తోచిందే చేశారు. లేత గోధుమ రంగు లినెన్ తెచ్చి కుట్టారు. నాన్న వేసుకుని ఓసారి కూర్చుని లేచేసరికి పొట్ట దగ్గరంతా ముడతలే. సభ మర్నాడే.

"జిందగీ అంతా మసిబట్టలల్లనే ఉన్న భాయ్. ఒక్కరోజన్న ఆఫీసర్ల లెక్క కడక్‌గ కనబడాలె అనుకున్న" అన్నారు నాన్న. ఆ గొంతు విని నాకు చాచా మీద కోపం వచ్చింది.

చాచా తొణకలేదు. మనం పొడి కొట్టుకుని తినే అవిసె గింజల మొక్కదే ఈ నార అని, జనుము లాగే కాడలు నీళ్లలో నానబెట్టి తీస్తారని, చెమట తాగేసి ఇట్టే ఆరిపోతుందని, ఉతికేకొద్దీ మెత్తబడుతుందని వివరించారు. ఈజిప్టు రాజుల శవాలకు కూడా దీన్నే చుట్టారని గొప్పగా చెప్పి చిక్కులో పడ్డారు.

"పీనుగులకు చుట్టిన బట్ట నాకు కుట్టినవా?" అన్నారు నాన్న.

"వేల ఏండ్లయినా చినగలేదన్నా, గది సూడు" అన్నారు చాచా.

నాన్నకు నవ్వాగలేదు. అయినా సభకు గొణుక్కుంటూనే వెళ్లారు, మా వెంట చాచా కూడా వచ్చారు. అక్కడ ఆఫీసర్ల చొక్కాలు చెమటకు వీపులకు అతుక్కుపోతుంటే నాన్న హాయిగా కూర్చున్నారు, ముడతలు మాత్రం సన్మానపు శాలువాతో కప్పుకుంటూ.

సభ అయ్యేసరికి తోటి కార్మికులు షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. ఒంటి నిండా బొగ్గు. కొత్త చొక్కా పాడవుతుందని దూరంగానే ఆగి దండాలు పెట్టారు. నాన్న ఒక్కక్షణం వాళ్లను చూసి, శాలువా తీసి నా చేతికిచ్చారు.

"ఎట్లాగూ నలిగింది, రాండ్రి" అని రెండు చేతులూ చాచారు.

ఒకరి తర్వాత ఒకరు వచ్చి నాన్నను కావలించుకున్నారు. వెనక నిలబడ్డ చాచా, తాను కుట్టిన చొక్కా వీపు మీద పడుతున్న నల్లని చేతిముద్రలు చూస్తూ పడీపడీ నవ్వుతున్నారు.