మేడ్చల్ రాళ్లలో ఇఫ్తార్

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, రంజాన్ నెలలో, నేనూ మా అక్క మస్తాన్‌బీ మేడ్చల్ అవతలి రాళ్ల గనికి వెళ్లాం. ఒక పూటలో వెళ్లి రాగల దూరమే. కానీ అంత అలసట నాకు మరే ప్రయాణంలోనూ కలగలేదు.

అక్కతో మా ఇంట్లోనే ఉండే బావ ఖాజా పెళ్లిళ్లకు వంట చేసేవాడు. రజాకార్లు తమ క్యాంపులో వండడానికి ఆయన్ని పట్టుకుపోయారు. సైన్యం వచ్చిన రోజు అందరితోపాటు ఆయనా పారిపోయాడు. పది నెలలుగా జాడ లేదు. ఒకరోజు సికింద్రాబాద్‌లోని నా కుట్టు దుకాణానికి చొక్కా కోసం వచ్చిన బండివాడు, గనిలో ఒక సాయిబు కూలీలకు కమ్మగా వండిపెడుతున్నాడని చెప్పాడు. "ఎడమ చెవి సగమే ఉంటది" అని కూడా అన్నాడు. ఇక అనుమానం లేదు.

ఒంటిగంట బండి ఒకటిన్నరకు కదిలింది. మూడో తరగతి పెట్టెలో బల్లలు కాలుతున్నాయి. వానలు ఇంకా పడలేదు. ఇద్దరం రోజా ఉపవాసం ఉన్నాం. అల్వాల్‌లో ఒక ముసలమ్మ ఎక్కి, బురఖా ముసుగెత్తిన అక్క ముఖం చూసి ముంతతో నీళ్లు అందించింది.

"రోజా ఉన్న అవ్వా" అంది అక్క.

"గీ ఎండలనా! ఎవలింటికి పోతున్నవ్ బిడ్డా?"

"మా ఆయన కాడికి."

పది నెలల తర్వాత ఆ మాట ఆమె నోట విన్నాను.

మేడ్చల్‌లో దిగేసరికి మూడైంది. స్టేషన్ బయట కుండలో నీళ్లుంటాయి. వెళ్లేవారు అక్కడే చెంబు నింపుకోవాలి. గని దాకా మళ్లీ చుక్క దొరకదు. ఎడ్లబండి దొరక్క మూడు మైళ్లు నడిచాం. ఎడారి అంటే హజ్ చేసివచ్చినవాళ్లు చెప్పగా విన్నానంతే. ఇక్కడ ఇసుక బదులు రాయి, అంతే తేడా. కనుచూపు మేర చెట్టు లేదు. చెప్పుల్లోంచి వేడి ఎక్కుతోంది. అక్క రెండుసార్లు కూలబడింది.

"వాపస్ పోదామా?" అన్నాను.

"నడువు" అంది.

అయిదు గంటలకు సుత్తుల చప్పుడు వినిపించింది. పొయ్యి దగ్గర బావ ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. మమ్మల్ని చూసి గరిటె వదిలేసి రాళ్ల వెనక్కి వెళ్లిపోయాడు. మేస్త్రీ ఎల్లయ్య వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"ఎందుకొచ్చిన్రు?" అన్నాడు బావ, దారి వైపే చూస్తూ. "మిలిటరోళ్లు మీ ఎంబడి వస్తే?"

"ఎవలొస్తరు? నిన్ను అడుగనీకి ఇంటికి ఒక్కడు రాలె" అంది అక్క. "మొదట్ల మిలిటరోళ్లు మా గల్లీల పేర్లు రాసుకున్నరు. నీ పేరు సుత లేదు."

బావ నా వైపు చూశాడు. నిజమేనని తల ఊపాను. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. తనను వెతకనివాళ్లకు భయపడి పది నెలలు దాక్కున్నాడు.

"బతికున్ననని ఒక్క మాట పంపలేకపోతివా?" అంది అక్క. "నేను ఇద్దత్ సుత చేసిన."

ఇద్దత్ అంటే భర్త పోయాక భార్య ఇంటిపట్టునే ఉండి పాటించే గడువు. బావ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అక్క ఏడవలేదు. పొయ్యి మీద అన్నం అడుగంటుతుంటే వెళ్లి దించింది.

రోజా విప్పమనే మసీదు అజాన్ వినిపించని చోటు అది. "అగో, ఆ గుండు మీది ఎండ పోతే పొద్దు మునిగినట్టే" అని ఎల్లయ్య ఒక పెద్ద బండరాయిని చూపించాడు. రాళ్లన్నీ ఇటుక రంగుకు తిరిగి, తర్వాత బూడిద రంగయ్యాయి. పనివాళ్లు పళ్లాలు ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు.

"మీరు తినుండ్రి" అన్నాను.

"ఖాజాభాయి తినంది మేం ఎట్ల తింటం? నెల షురూ అయిన కాంచి గిట్లనే" అన్నాడు ఎల్లయ్య.

ఎండ పోయింది. అక్క కొంగున కట్టి తెచ్చిన ఖర్జూరాలు అందరికీ పంచింది. తర్వాత అన్నం, చింతపండు చారు, పచ్చిమిరపకాయలు.

తిన్నాక నేను లేచాను. "బావా, జెర తొందరగా. తొమ్మిదింటి రైలు ఉంది."

బావ లేవలేదు. స్టేషన్‌లో ఖాకీ బట్టలవాళ్లుంటారు, కాళ్లు రావడం లేదన్నాడు. నేను ఎంత చెప్పినా అదే మాట. అక్క బురఖా తీసి మడిచి గుడిసెలో పెట్టింది.

"నువ్వు పో యాకూబ్. ఈయన భయం పోయినంక ఇద్దరం వస్తం."

"గీ రాళ్లలనా అక్కా?"

"పది నెల్లు నేను ఇంట్ల ఉండి ఏం సుఖపడ్డ?"

ఎల్లయ్య తన బండిలో నన్ను స్టేషన్‌కు చేర్చాడు. రైలు దాదాపు ఖాళీ. కిటికీ పక్కన కాళ్లు చాపుకున్నాను. పాదాలు బొబ్బలెక్కాయి. ఒకరిని తీసుకురావాలని వెళ్లి ఇంకొకరిని వదిలి వస్తున్నాను. మా గల్లీలో ఏం చెప్పాలో తెలియదు. అయినా ఇన్నాళ్లూ పొద్దున లేవగానే అక్క ముఖం చూడలేక, చాయ్ కూడా తాగకుండా దుకాణానికి పారిపోయేవాణ్ణి. రేపు ఆ అవసరం లేదు. బొలారం రాకముందే నిద్ర పట్టేసింది.