మామిడి కవర్లో దాచిన వాచీ

కొందరికి పేకాట ఎలాగో, ఆగిరిపల్లి లక్ష్మీనరసింహారావుకి పాత వాచీలు అలాగ. అవీ తాతల నాటి కీ ఇచ్చే వాచీలు కావు. ముప్ఫై ఏళ్ళ కిందటి జపాన్ బ్యాటరీ వాచీలు. డయల్లో మళ్ళీ మూడు బుల్లి డయళ్ళు, పక్కన సెకన్లు లెక్కపెట్టడానికి బొత్తాలు. ఏడాది మొత్తమ్మీద పది సెకన్లు కూడా తేడా రాని రకం. మామిడితోటలో సెకన్లతో ఏం పనండీ అని అడిగితే, "మాట తప్పనిది ఒక్కటైనా మన దగ్గరుండాలి కదయ్యా!" అనేవాడు.

ఆ పిచ్చే కొంప ముంచింది. నిరుడు పూతకి మందు కొట్టాల్సిన రోజున, ఎవరో వాచీ అమ్ముతున్నారని హైదరాబాదు పోయాడు. తిరిగొచ్చేసరికి తేనెమంచు పురుగు పట్టి సగం తోట పూత మాడిపోయింది. అప్పుడు భార్య తులసమ్మ తలమీద చెయ్యి పెట్టి, ఇక వాచీ కొననని ఒట్టు వేశాడు. తులసమ్మ నమ్మింది. అదే వచ్చిన చిక్కు.

ఈ వేసవిలో మళ్ళీ కొన్నాడు. ఇంట్లో పెడదామంటే ఆవిడ చెయ్యి పడని మూల లేదు. మోటారు షెడ్డు తాళం కూడా ఆవిడ కొంగునే ఉంటుంది. ఎటూ తోచక, కాయలకి ఈగ కుట్టకుండా తొడిగే కాగితం కవరొకటి తీసుకుని, వాచీని అందులో పెట్టి, కంచెవైపు బంగినపల్లి కొమ్మకి కట్టేశాడు. వేల కవర్లలో అదొక కవరు. కోతకి ఇంకా టైముంది కదా అని ధైర్యం.

గాలివాన వస్తుందన్న రోజున ఆయన నూజివీడులో ఉన్నాడు. "నేనే మనుషుల్ని పిలిచి కోత మొదలెట్టించానండీ, కంచెవైపు నుంచి," అంది తులసమ్మ ఫోన్లో. వెంటనే బండెక్కి తోట దారి పట్టాడు. ఆ కవరు కోసేశారా? విప్పారా? విప్పితే ఎవరు విప్పారు? వాచీ పగిలితే పగిలింది, ఆవిడ చేతిలో పడకుండా ఉంటే చాలని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

తోటలో కోత ఆగిపోయి ఉంది. కూలీలు గుంపుగా నిలబడ్డారు. ఏళ్ళ తరబడి వాళ్ళ తోటలోనే కాయ కోసే పోతురాజు మధ్యలో తల వంచుకుని ఉన్నాడు. వాచీ తులసమ్మ చేతిలో ఉంది.

"జేబులో పెట్టుకుంటుంటే కాయలేరే పుష్పావతి చూసిందండీ," అంది తులసమ్మ. "మొన్న బియ్యం బస్తా లోపల పెట్టడానికొచ్చి, మీ పాత వాచీల బీరువాలోంచి తీసుంటాడు. అడిగితే కవర్లో దొరికిందంటన్నాడు. కవర్లో మామిడికాయ దొరుకుద్దిగానీ వాచీ దొరుకుద్దా?"

కూలీలు నవ్వారు.

"అయ్యగారికి ఇద్దామనే పెట్టుకున్నానమ్మగారూ," అన్నాడు పోతురాజు.

లక్ష్మీనరసింహారావు గుంపులోకి తోసుకొచ్చాడు. "పోనీలే తులసీ, దొరికిందిగా, వదిలెయ్," అన్నాడు. అన్నాకగానీ తెలియలేదు, ఆ మాటతో దొంగతనం ఖాయమైపోయిందని. పోతురాజు తలెత్తి ఆయన్ని చూశాడు. కాయ కోసే చిక్కం కర్ర కింద పడేసి వెళ్ళబోయాడు.

"ఆగు పోతురాజూ. అది బీరువాలోది కాదు. నేనే కొన్నాను, నేనే కవర్లో దాచాను."

"వాణ్ణి కాయడానికి మీరు అబద్ధమాడక్కర్లేదు," అంది తులసమ్మ. "నా మీద ఒట్టేశారు. మీరు కొనరు."

అంత నమ్మకాన్ని తన చేత్తోనే నరుక్కోవాల్సి వచ్చినందుకు ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. కంగారులో చెయ్యి అలవాటుగా ఆవిడ తలమీదికి వెళ్ళింది. "నీ మీదొట్టు తులసీ, నేనే కొన్నాను."

తులసమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "ఇందులో ఏ ఒట్టు నమ్మమంటారండీ?" అంది నెమ్మదిగా. ఆయన మొహం చూస్తే, కొన్నది నిజమేనని ఆవిడకి అర్థమైపోయింది.

పోతురాజు దగ్గరికెళ్ళి, అందరి ముందూ, "తప్పైపోయింది పోతురాజూ, మనసులో పెట్టుకోకు," అంది. వాచీ తెచ్చి భర్త చేతిలో పెట్టింది. తిట్టలేదు. నాలుగు తిడితే బాగుండునని ఆయనకి అనిపించింది.

కోత మళ్ళీ మొదలైంది. మబ్బు కమ్ముకొస్తోంది. "టైమెంతయింది?" అని కేకేసింది తులసమ్మ.

"నాలుగూ పది," అన్నాడాయన, చేతిలో ఉన్న ఆ వాచీ చూసి.

ఆవిడ పోతురాజు వైపు తిరిగింది. "నీ ఫోన్లో ఎంతయిందో చూసి చెప్పు."