వెలుతురుకు పట్టి చూసిన పాత్ర

యూపీఎస్ కూత వినబడితే ఇప్పటికీ నా చేతులు ఆగిపోతాయి. పోయిన వారం మధ్యాహ్నం కరెంటు పోయింది. బల్ల కింద పెట్టె కీచుకీచుమంటూ మొదలుపెట్టింది. ఫ్యాను నిలిచిపోయింది. వేడెక్కిన మిషన్ల మీది దుమ్ము వాసన మెల్లగా గదిలోకి పాకింది. వయసు మీద పడ్డాక మనిషికి వాసనలే మిగులుతాయి కాబోలు. ఆ వాసనలో మూతబడిన నూలు మిల్లు ఉంది, అవినాశి ఊళ్ళో నేను చేసిన తప్పు ఉంది, కస్తూరి ఉంది.

కస్తూరి పోయి ఏడాది దాటింది. మీలో ఎవరికీ ఆమె తెలియదు. కోయంబత్తూరులో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకొని, ఎవరైనా ఊరికే తీసుకోగలిగిన డేటాబేస్ సాఫ్ట్‌వేరును మిల్లులకూ బనియన్ ఫ్యాక్టరీలకూ అమర్చిపెట్టి, అది చెడకుండా కాపాడుతూ ఆ పని మీదే బతికిన మనిషి. నాకంటే ఆరేళ్ళు చిన్నది. నాకు నలభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్పింది. డేటాబేస్ అంటే ఏమిటని నన్నడిగితే, ఫ్యాక్టరీ తన జ్ఞాపకమంతా దాచుకునే చోటు అంటాను. అంతకంటే బాగా ఎవరూ నాకు చెప్పలేదు.

మేమిద్దరం ఒకే మిల్లు నుంచి బయటపడ్డవాళ్ళం. నేను నూలు చుట్టే విభాగంలో ఇరవై రెండేళ్ళు నిలబడి పనిచేశాను. ఆమె కంప్యూటరు గదిలో ఉండేది. మిల్లు మూసేసినప్పుడు మా ఆడవాళ్ళ హాజరంతా కొనుక్కొచ్చిన ఒక సాఫ్ట్‌వేరులో ఇరుక్కుపోయింది. దాని గడువు తీరిపోయింది. మళ్ళీ డబ్బు కడితే తప్ప తెరుచుకోదన్నారు. ఎన్నేళ్ళు చేశామో రుజువు చేసుకోవడానికి మాకు వేరే కాగితం లేదు. కస్తూరి మూడు వారాలు కూర్చొని, ఎలా లాగిందో ఏమో, ఆ పేర్లన్నిటినీ బయటికి తీసి ఆ ఉచితపు డేటాబేసులోకి మార్చింది. నా ఇరవై రెండేళ్ళు ఒక కాగితం మీదికి దిగాయి. ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని చూశాను. కస్తూరి నవ్వలేదు. కాగితాన్ని తిప్పి నా చేతిలో పెట్టింది.

తర్వాత ఆమె ఆఫీసు తెరిచినప్పుడు ఊడవడానికి, కాఫీ పెట్టడానికి చేరాను. మొదటి నెలలోనే అడిగేశాను.

"ఓసిలో దొరికేదాన్ని తెచ్చి ఇచ్చి వాళ్ళ దగ్గర జీతం అడుగుతా ఉండావే, సిగ్గుగా లేదా?" ఓసి అంటే మా వైపు ఉత్తపుణ్యానికి వచ్చేది.

"రంగక్కా, మీ అమ్మ చేతిలోనే కదా పాత్రల గది తాళం ఉండింది?"

నిజమే. ఎన్ని తరాల కిందటో తెలుగు దేశం వదిలి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా వీధికి ఉమ్మడి పాత్రలు ఉండేవి. పెళ్ళి వంటకు సరిపడే అండాలు, గుండిగలు, గరిటెలు. ఎవరింట్లో శుభకార్యమైనా తీసుకుపోవచ్చు, బాడుగ లేదు. తోమి తిరిగి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు మా అమ్మ ముందర ప్రతి పాత్రనూ బోర్లించి ఎత్తి, కిందినుంచి ఎండకు పట్టి చూడాలి. లోపల చుక్కలాగా వెలుతురు కనబడితే చిల్లు. "ఇక్కడ చిల్లు పడింది" అని నలుగురికీ వినబడేలా చెప్పాలి. చెబితే తప్పు లేదు, జరిమానా లేదు. వీలుంటే మాటు వేయించి ఇస్తారు, లేకపోతే వీధే వేయిస్తుంది. దాస్తే మాత్రం తర్వాతి పెళ్ళిలో పాయసం పొయ్యిలోకి కారుతుంది.

"ఇదీ అట్లాంటిదే. పాత్ర ఊరిది. నేను పాత్రను అమ్మేది లేదు, వంట చేసి కూలి తీసుకొంటా ఉండాను. చిల్లు కనబడితే మాటు వేసి, వేసినానని చెప్పి తిరిగి ఇస్తాను. అంతే," అంది.

"తీసుకొనిపోయి తిరిగి ఇయ్యనివాళ్ళు?"

"ఉండారు, చానామంది. మీ అమ్మ వాళ్ళ కోసరమని గదికి తాళమేసి కూర్చునిందా?"

మా అమ్మ కూర్చోలేదు. తిట్టేది, మళ్ళీ ఇచ్చేది.

ఆ సాఫ్ట్‌వేరును వాడే విధానం చెప్పే పుస్తకాన్ని ప్రపంచంలో ఎవరెవరో కలిసి రాస్తారట, ఎవరి భాషలోకి వాళ్ళు మార్చుకుంటారట. కస్తూరి తెలుగు పని నెత్తికెత్తుకుంది. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. మా వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివేది తమిళం. రాసిన పేజీని నాకు చదివి వినిపించేది. అర్థం కాలేదంటే కొట్టేసి మళ్ళీ రాసేది. "నీకు అర్థమైతే అర్ధరాత్రి కళ్ళు మూతలు పడే ఇంజనీరుకూ అర్థమవుతుంది," అనేది. కొన్నాళ్ళకు ఆమెకే విసుగొచ్చి, పాత ప్రింటు కాగితాల వెనక అక్షరాలు రాసిచ్చి దిద్దమంది. దిద్దాను. ఏడాది పట్టింది. నేను చదివిన మొదటి వాక్యం కథ కాదు, పద్యం కాదు: "ముందుగా మిషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి."

అప్పటినుంచి శుక్రవారం పని నాది. ఫ్యాక్టరీల లెక్కలకు తీసి దాచిన నకలు, ఇంజనీర్ల మాటలో బ్యాకప్, నిజంగా పనికొస్తుందో లేదో పరీక్షించడం. ఒక పాత మిషనులో ఉన్నదంతా చెరిపేసి, నకలును మళ్ళీ ఎక్కించి, అంతా వచ్చిందా అని చూడాలి. దానికి ఒక కాగితం ఉండేది. నిజంగా ఎక్కడైనా చెడిపోయినప్పుడు వాడే కాగితం వేరే. మొదటి మెట్టులోనే తేడా. పరీక్ష కాగితంలో "పాతదాన్ని చెరిపెయ్యండి" అని ఉంటుంది. అసలు కాగితంలో "పాతదాన్ని చెరపవద్దు, పక్కకు జరిపి ఉంచండి" అని ఉంటుంది. రెండు కాగితాలూ నా సంచిలోనే ఉండేవి.

ఒక శుక్రవారం కస్తూరి, ఇద్దరు ఇంజనీర్లు మదురైలో కొత్త చోట సాఫ్ట్‌వేరు ఎక్కిస్తున్నారు. అవినాశి బనియన్ ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. మా ఖాతాదారుల్లో అదే పెద్దది. కరెంటు పోయి వచ్చాక ఏదీ తెరుచుకోవడం లేదు, పని నిలిచిపోయింది. కస్తూరికి ఫోనులో చెప్పాను.

"నువ్వు పో రంగక్కా. కాగితం తీసుకొని పో. చదివి చెయ్యి."

బస్సెక్కి పోయాను. యజమాని సౌందరరాజు మా తెలుగువాడే. కుర్చీ వేయించాడు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. యూపీఎస్ కూస్తూనే ఉంది. కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని మీద వేలు పెట్టాను. చేతులు వాటంతట అవే పోయాయి. అరగంటలో తెర వెలిగింది. సౌందరరాజు ముందుకొచ్చి చూశాడు.

"అక్కా, సోమవారం దాకానే ఉండాది. నాలుగు దినాల కటింగ్ లెక్క యాడికి పోయింది?"

అప్పుడు చూశాను. పాతదాన్ని చెరిపేశాను. అక్కడివాళ్ళు రోజూ తీయవలసిన నకలు సోమవారం తర్వాత తీయనే లేదు. పక్కకు జరిపి ఉంచి ఉంటే, కస్తూరి వచ్చి అందులోనుంచి ఆ నాలుగు రోజులనూ వెతికి తీసేది. ఇప్పుడు తీయడానికి ఏమీ లేదు.

"కరెంటు తినేసింది తమ్ముడూ," అన్నాను. నోటికి అదే వచ్చింది. అతను నమ్మాడు. నాకు టీ కూడా ఇప్పించాడు.

మరునాడు పొద్దున కస్తూరి మదురై నుంచి రాగానే చెప్పాను, సగమే. చెరిపేశానన్నాను. రెండు కాగితాలూ ఒకే తీరుగా ఉన్నాయన్నాను. ఆమె చెప్పులు కూడా విప్పకుండా అవినాశికి బయలుదేరింది, నన్ను వెంటబెట్టుకొని.

"కరెంటు మీద తోసేస్తే సరిపోతుంది కదా కస్తూరీ? నకలు తియ్యనిది వాళ్ళ తప్పే కదా?" బస్సులో బతిమాలాను.

"చిల్లు దాచి పాత్ర ఇచ్చినవాళ్ళను మీ అమ్మ ఏమనేది?"

"తిట్టేది."

"ఏమని?"

"బస్సులో చెప్పేట్టు ఉండదు."

ఆమె సౌందరరాజుకు అంతా చెప్పింది. చెరిపింది కరెంటు కాదు, మేమే అంది. అతను చేతిలోని పెన్ను కింద పెట్టాడు.

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదే లేదు కదమ్మా?"

"ఆమా అన్నా, తెలిసేది లేదు," అని ఒప్పుకుంది.

"మరి ఏంటికి చెప్పినావు?"

"చెప్పకుంటే మీరు కరెంటును బాగుచేస్తా ఉంటారు. చిల్లు వేరే చోట ఉండాది."

అతను నవ్వాడు. నవ్వి, "నీ మాట మీద నాకు నమ్మకం ఉండాది. నీ పని మీద లేదు. ఈ నెలతో నిలిపేస్తాం," అన్నాడు. ఆ ఫ్యాక్టరీలో కుట్టే ఆడవాళ్ళు బట్ట కట్టలకు కట్టిన చీటీలు చూసి నాలుగు రోజుల పనినీ మళ్ళీ ఎక్కించుకున్నారని తర్వాత తెలిసింది. వాళ్ళలో ఒక్కరైనా నన్ను తిట్టి ఉంటారు. తిట్టాలి కూడా.

సోమవారం కస్తూరి ఆ సాఫ్ట్‌వేరును కలిసి చూసుకునే వాళ్ళందరికీ ఉత్తరం రాసింది. ఎన్నో దేశాలవాళ్ళు చదువుతారట. ఇంగ్లీషులో రాసి, నాకు తెలుగులో చదివి వినిపించింది. "ఇలా జరిగింది, కాగితాలు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి, వాటిని రాసింది నేను, తప్పు నాది, పనిచేసినవారిది కాదు." అంతే ఉంది. నా పేరు లేదు. ఊరుకుంటే నాకు అంతటితో తీరిపోయేది.

"ఆపు," అన్నాను.

"ఏమి?"

"నేను ఆ కాగితం చదవనే లేదు."

ఆమె కుర్చీ నావైపు తిప్పింది. చెప్పేశాను. అక్షరాలు నాకు బరువు. కూడబలుక్కుంటూ చదువుతుంటే కుర్రాళ్ళు వింటారని సిగ్గు. మిల్లులో ఇరవై రెండేళ్ళు చేతి జ్ఞాపకంతోనే నెట్టుకొచ్చినదాన్ని. కాగితాన్ని కంఠస్థం చేసేసి, చదువుతున్నట్టు వేలు మాత్రం దాని మీద జరిపేదాన్ని. అవినాశిలోనూ వేలు అసలు కాగితం మీదే ఉంది. చేతులు పరీక్ష పని చేశాయి.

"ఎన్నాళ్ళుగా?"

"దీపావళికి ముందునుంచి."

కస్తూరి ముఖం చేతులతో రుద్దుకుంది. "నాకు కోపం వస్తా ఉండాది రంగక్కా. పోయి కాఫీ పెట్టుకొని రా."

కాఫీ తెచ్చేసరికి ఉత్తరంలో ఒక వాక్యం చేర్చింది: ఈ పనిని ఎన్నోసార్లు చేసినవారు కాగితం చదవడం మానేస్తారు, మా దగ్గర అదే జరిగింది. "పంపేదా?" అని నన్నే అడిగింది. పంపమన్నాను. మా అమ్మ ముందర పాత్ర ఎత్తి నిలబడ్డట్టే ఉంది, అందరూ చూస్తుండగా.

ఇలాంటివాళ్ళ చేతికి మిషను ఎవరిచ్చారని ఒకడు రాశాడు. ఆ తర్వాత వేరే జవాబులు వచ్చాయి. పెద్ద చదువులు చదివినవాళ్ళు, నేనూ కాగితం చదవను, నేనూ చెరిపేశాను, ఎవరికీ చెప్పలేదు అని రాశారు. ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి ఆ చిల్లుకు ఒక మాటు తయారుచేశాడు: చెరిపే ముందు సాఫ్ట్‌వేరే ఆ డేటాబేస్ పేరును అక్షరం అక్షరం కొట్టమని అడుగుతుంది, లేకపోతే చెరపదు. అది విసుగని కొందరు తగవులాడారు. నెలల తరబడి కస్తూరి జవాబులు రాసింది. చివరికి ఒప్పుకున్నారు. ఆ నెలల్లోనే మా దగ్గర ఒక ఇంజనీరు పని మానేశాడు, ఒక గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఒక్క రూపాయి ఇవ్వనివాళ్ళ ప్రశ్నలకు ఆమె జవాబులు రాస్తూనే ఉంది. అలసిపోయింది. అలసిపోయానని చెప్పేది కూడా. నిజాయితీగా ఉంటే వ్యాపారం పెరుగుతుందని మీకెవరైనా చెబితే నమ్మకండి. మాది పెరగలేదు. మూతపడలేదు, అంతే.

ఆమెను చివరిసారి మదురై ఆసుపత్రిలో చూశాను. గొంతు సన్నబడిపోయింది. నేను పెట్టిన నారింజ తొనను పక్కన పెట్టేసి అడిగింది.

"శుక్రవారం పని చేసినావా?"

"చేసినాను."

"చదివి?"

"చదివి."

"బయటికి వినబడేట్టుగానా?"

"కుర్రాళ్ళు చెవులు మూసుకొనేట్టు," అన్నాను. ఆమె నవ్వింది, ఆ నవ్వుతో దగ్గు వచ్చింది.

మా వీధిలో ఇప్పుడు పెళ్ళిళ్ళకు కేటరింగు వాళ్ళు పాత్రలు వాళ్ళే తెచ్చుకుంటారు. ఉమ్మడి పాత్రల గది తాళం తుప్పు పట్టింది. ఆఫీసులో మేము ముగ్గురం. నాకు మోకాళ్ళ నొప్పి, మేడ మెట్లు ఎక్కలేను. అయినా శుక్రవారం ఎక్కుతాను.

పోయిన వారం పోయిన కరెంటు అరగంటకు వచ్చింది. యూపీఎస్ కూత ఆగింది. ఆ రోజు శుక్రవారమే. పరీక్ష కాగితం తీసి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకొని, పైన రాసి ఉన్న కాగితం పేరునుంచి మొదలుపెట్టి బయటికి చదివాను. పక్క బల్ల దగ్గరి ఇంజనీరు తల వంచుకొని నవ్వుకున్నాడు, నవ్వనీ. తెర అడిగింది: చెరపవలసిన దాని పేరు రాయండి. ఎక్కడెక్కడో, ఏ దేశంలోనో, నా తప్పును మోస్తూ అది అందరినీ అలాగే అడుగుతూ ఉంటుంది. ఒక్కొక్క అక్షరాన్నీ నోటితో పలికి, ఆ తర్వాతే వేలితో నొక్కాను.