ఎర్ర సుద్ద బాబాయి

బాబాయి ఒకసారి ఇంద్రధనస్సుకే ఇంటూ మార్కు కొట్టాడు. ఎడమకాలు కుడికాలికన్నా పొట్టిగా ఉందట! నమ్మనివాళ్లు పిన్నిని అడగొచ్చు.

గొడుగుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చెకింగ్ చేసిన మనిషి. ప్రతి గొడుగునూ మూడుసార్లు తెరిచి, మూడుసార్లు మూసి, కుళాయి కింద పట్టేవాడు. చుక్క కారిందా, జేబులోంచి ఎర్ర సుద్ద బయటికొచ్చేది. ఆ సుద్ద ఇంటికీ వచ్చేది. కుంటి కుర్చీకి ఇంటూ. ఐదు నిమిషాలు వెనకబడ్డ గడియారానికి ఇంటూ. పెళ్లి ఫొటోలో తన ముఖానికే ఇంటూ. "మెడ వంకరగా పెట్టాను," అన్నాడు.

అదే ఫ్యాక్టరీలో గొడుగులు కుట్టే అన్నకూతురికి ఆ చుట్టరికం ఆవగింజంత కూడా పనికిరాలేదు.

"సొంతపిల్లనని కూడా చూడవా, బాబాయ్?"

"వాన చూస్తుందా?"

గిరాకీ పడిపోయింది. దుకాణాల్లో పాత గొడుగులే కదల్లేదు. ఒక సోమవారం పొద్దున గేటుకు నోటీసు: ఫ్యాక్టరీ మూత. కుట్టు సెక్షన్లోని పద్నాలుగుమందీ గేటు బయటే ఆగిపోతే, బాబాయి దగ్గరికెళ్లి, సాంతం చదివి, నోటీసుకు ఇంటూ కొట్టాడు.

"ఏంటి సార్ తప్పు?" అన్నాడు వాచ్‌మన్ బిత్తరపోయి.

"అంతా."

నెల తిరక్కుండానే ఊరి చివర టెంట్లు కుట్టే కంపెనీ బాబాయికి చెకింగ్ ఉద్యోగం ఇస్తూ ఉత్తరం పంపింది. అన్నకూతురు పరుగున వచ్చి చూస్తే, దాని మీదా ఎర్రగా ఇంటూ! ఆమె మొగుడికీ పనిలేదు. పిల్లల బడి మాన్పించే మాట నడుస్తోంది ఇంట్లో. ఒళ్లు మండిపోయింది.

"కాళ్ల దగ్గరికొచ్చిన ఉద్యోగానికి కూడానా? పొగరు కాకపోతే ఏం తప్పుంది ఇందులో?"

"పేరు ఒక్కటే ఉంది. వెనక్కి తిప్పు."

వెనక బాబాయి రాతలో పద్నాలుగు పేర్లు. తనది పదమూడోది.

"నన్నెందుకంత కింద పడేశావ్?"

"తప్పులు తక్కువ చేసినవాళ్లు ముందు."

ఆ కాగితమే టెంట్ల యజమాని ముందు పెట్టాడు. "ముప్పై ఏళ్లలో నేను పాస్ చేసింది వీళ్ల కుట్టునే. వీళ్లు లేకుండా వస్తే మీకు ఇంటూలే మిగుల్తాయి."

యజమాని నవ్వి ఎనిమిదిమందిని తీసుకున్నాడు. మిగతా ఆరుగురి కోసం బాబాయి వారం వారం వెళ్లాడు. ఊరికే కూర్చోలేక టెంట్ల మీద పైపుతో నీళ్లు కొట్టి, జీతం లేకుండానే ఇంటూలు పెట్టొచ్చాడు. ఆర్నెల్లకు పద్నాలుగో మనిషి చేరాడు. ఆ మర్నాడు బాబాయి చేరాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నకూతురు కొత్తవాళ్లకు ఇంద్రధనస్సు కథ గొప్పగా చెబుతోంది. పక్కబల్ల మీద టిఫిన్ డబ్బా మూత మూడోసారి తెరిచి మూస్తున్న బాబాయి తల కూడా ఎత్తలేదు.

"కొట్టలేదు. అందలేదు."