బండ మీద పన్నెండో సున్నా

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. చిన్నప్పుడు కూడా నమ్మలేదు. మా నాన్న క్రైస్తవ సంఘంలో ఉపదేశి. చనిపోయినవాళ్ళు దేవుని చేతిలో ఉంటారనీ, పునరుత్థాన దినం దాకా వాళ్ళకు ఈ లోకంతో పని లేదనీ మాకు అన్నం తినడం నేర్పినంత మామూలుగా నేర్పాడు. పెద్దయ్యాక సండే స్కూలు పిల్లలకు నేను కూడా అదే నేర్పాను. ఫలానా చోట ఏదో కనబడిందని ఎవరైనా భయపడుతూ వస్తే, నవ్వి, ప్రార్థన చేసి పంపేవాణ్ణి.

అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా చూసింది చూసినంతే రాస్తాను. ఒక్క ముక్క కల్పించినా అది అబద్ధ సాక్ష్యమే.

పోలీసు చర్య జరిగి ఏడెనిమిదేళ్ళయింది. నేను వికారాబాదు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమస్తాను. మేము అద్దెకున్న ఇల్లు ఒక జాగీర్దారుది. ఆయన హైదరాబాదు వెళ్ళిపోతూ మోటారు కారు కూడా తీసుకుపోయాడు. కారు నిలిపే రేకుల షెడ్డు మాత్రం పెరట్లో మిగిలింది. దాన్ని నేను పనిగదిగా మార్చుకున్నాను. మందిరం హార్మోనియం, గోడ గడియారాలు, గ్యాసు లైట్లు, తెలిసినవాళ్ళ సైకిళ్ళు. ఏది పాడైనా నా దగ్గరికే వచ్చేది. అది నా ఉద్యోగం కాదు, సరదా.

ఆ సరదాలో తోడు దొరికినవాడు రత్నం. తాండూరు బండ గనుల్లో పనివాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఒకప్పుడు విపరీతంగా తాగేవాడు. ఒక ఆదివారం మందిరంలో మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. కొన్నాళ్ళకు పల్లెల్లో దేవుని వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. శనివారం వస్తే తాండూరు నుంచి ప్యాసింజర్ ఎక్కి నా షెడ్డులో దిగినట్టే ఉండేది.

సైన్యం వదిలేసిన తుక్కులో మాకొక ఫట్‌ఫటి దొరికింది. ఆ పాత మోటారు సైకిలును నడిపించాలని రెండేళ్ళు కష్టపడ్డాం. నవాబుపేట పక్క పల్లెలకు, కొడంగల్ దారిలో బస్సు పోని ఊళ్ళకు దాని మీద వెళ్ళి కూటాలు పెట్టాలని రత్నం ఆశ.

పని చేయడంలో అతనికొక పద్ధతి ఉంది. తాండూరు నుంచి నాలుగడుగుల నున్నటి బండ తెచ్చి షెడ్డు మధ్యలో వేశాడు. విప్పిన ప్రతి ముక్కనూ దాని మీద పెట్టి, చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. సున్నా పక్కన క్రీస్తు శిష్యుల్లో ఒకరి పేరు. మొదట విప్పింది పేతురు, తర్వాత అంద్రెయ, అలా పన్నెండు మంది. బిగించేటప్పుడు చివరి నుంచి వెనక్కి. పన్నెండుకు మించి ఒకేసారి విప్పకూడదు. అన్నీ బిగించాక లోటాతో నీళ్ళు పోసి బండ కడగాలి. బండ ఖాళీ అయిందంటే పని పూర్తయినట్టు.

"అన్నా, ఫిలిప్పు యాడున్నడు?" అని అడిగేవాడు.

"ఇప్పుడే ఇక్కడ పెట్టిన."

"గిప్పుడే పెడితె యాడికి పోతడు? శిష్యులను పోగొట్టుకునేటోనివి, నువ్వేం సండే స్కూలు నడుపుతవే!" అని పగలబడి నవ్వేవాడు.

పన్నెండోవాడు ఇస్కరియోతు యూదా. క్రీస్తును పట్టిచ్చినవాడు. ఆ పేరు మాత్రం రత్నం రాసేవాడు కాదు. యూదా పోయాక అతని స్థానంలో ఎన్నుకున్న మత్తీయ పేరు రాసేవాడు. "గా దొంగ పేరు మన బండికెందుకన్నా? కానీ జాగ మాత్రం ఖాలీ పెట్టొద్దు" అనేవాడు.

రత్నం ఎడమచేతివాటం. సున్నా కింద చిన్న గీత పెట్టడం అలవాటు. గనిలో కొలత చూసిన బండకు అలాంటి గీతే పెడతారట. ఆ సున్నాలను ఎన్నిటిలో ఉన్నా గుర్తుపట్టగలను.

ఎండాకాలం మొదట్లో ఒక శనివారం అతనికి తాండూరులోనే పని పడింది. మరునాడు ఆరాధన అయ్యాక ఫట్‌ఫటి మీద నవాబుపేట దిక్కు కూటానికి వెళ్ళాలి. ముందు చక్రం కిర్రుమంటున్నది. గ్రీజు పెట్టి ఉంచమని కబురు పంపాడు.

ఒక్కణ్ణే చక్రం విప్పాను. పన్నెండు ముక్కలు వచ్చాయి. పన్నెండోది చిన్న పిన్ను. మొదట ఊడేది అదే అయినా, చిన్నదని చేతిలో ఉంచుకుని చివర లెక్కపెట్టాను. ఇరుసు నట్టు వదులు కాకుండా దాని రంధ్రంలో దూర్చి, రెండు కాళ్ళు విడదీసి వంచుతారు. పదకొండు సున్నాలు చుట్టాను. పన్నెండోదానికి నా నోటికి ఇస్కరియోతు పేరే వచ్చింది. దేవుని పనికి పోయే బండికి ఆ పేరు పెట్టడానికి చెయ్యి ఆడలేదు. మత్తీయ పేరు ఆ క్షణంలో ఎంత వెతికినా తట్టలేదు. తర్వాత చూద్దాంలే అని పిన్నును సున్నా లేకుండా బండ అంచున పెట్టాను.

ఇంతలో ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. తిరిగివచ్చి సున్నాలు చూసుకుంటూ బిగించాను. సీమోను, తద్దయి, వెనక్కి పేతురు దాకా. నీళ్ళు పోసి బండ కడిగాను.

ఇదంతా నాకు తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజు గుర్తు లేదు.

ఆదివారం మధ్యాహ్నం రత్నం బండి బయటికి తీస్తూ, "బండ ఖాలీయేనా అన్నా?" అన్నాడు.

"ఖాలీ" అన్నాను.

ఊరు దాటి రెండు మైళ్ళు కూడా పోలేదు. నున్నటి రోడ్డు. ఎదురుగా మనిషి లేడు, పశువు లేదు. ముందు చక్రం ఊడి, రోడ్డు పక్క మోరీ రాయికి తల తగిలి పడ్డాడు. ఆ దారిన కల్లు కుండల బండి వస్తున్నది. పాపం, ఆ బండివాళ్ళే కుండల మధ్య పడుకోబెట్టి తెచ్చారు. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. కుండలు తొణికి అతని బట్టలన్నీ కల్లుతో తడిసిపోయాయి.

ఆ వాసనే అతని పేరు మీద పడింది. పడిపోయినప్పుడు చక్రం విరిగిందనుకున్నారే తప్ప, చక్రం ఊడి పడ్డాడని ఎవరూ అనుకోలేదు. పాతి పెట్టారు గానీ, చనిపోయినవాళ్ళకు సంఘం తరఫున జరిపే ఆదరణ కూటం పెట్టేది లేదన్నారు. "నేనే వాసన జూసిన సారూ. పాత బుద్ధి యాడికి పోతది? గసుంటోన్ని దేవుని సేవకుడని ఎట్ల పిలువుమంటరు?" అన్నాడు సంఘ పెద్ద.

రత్నం భార్య సుగుణమ్మ తాండూరు నుంచి మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చోలేదు, మంచినీళ్ళు తాగలేదు.

"అన్నా, నీ కాడి నుంచే గద పోయిండు. తాగలేదని నువ్వొక్క మాట జెప్పు. నువ్వు జెప్తె ఇంటరు."

"ఇక్కడి నుంచి పొయ్యేటప్పుడు తాగలేదు చెల్లె" అన్నాను. "తొవ్వల సంగతి నాకెట్ల తెలుస్తది?"

ఆమె కొంగులో కట్టుకొచ్చిన షెడ్డు తాళంచెవి, రత్నం దగ్గరుండేది, అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. అలా రెండు తాళంచెవులూ నా దగ్గరికే చేరాయి.

విరిగిన ఫట్‌ఫటిని పల్లెవాళ్ళు ఎడ్లబండిలో తెచ్చి షెడ్డు మూలకు పడేశారు. దాని వైపు చూడలేక తాళం వేశాను. మూడు వారాలు తీయలేదు.

మూడో ఆదివారం, ఆరాధన అయ్యాక, పనిముట్లు తాండూరు పంపిద్దామని తాళం తీశాను. పట్టపగలు. రేకుల సందుల్లోంచి ఎండ బండ మీద పడుతున్నది.

బండ మీద పన్నెండు సున్నాలున్నాయి.

పదకొండింటి పక్కన పేర్లు, పన్నెండోదాని పక్కన మత్తీయ. ప్రతి సున్నా కిందా గని గీత. అన్నీ ఖాళీవే. నేల మీద మూడు వారాల దుమ్ము. అందులో గుమ్మం దగ్గర నా పాదాలు తప్ప ఇంకే అడుగూ లేదు.

ఆ బండను నా చేత్తో కడిగాను. అందులో సందేహం లేదు. ఎవరో ఆకతాయి పని అనుకుని, తడిగుడ్డతో తుడిచేశాను. సుద్దముక్కలన్నీ ఏరి ఇంట్లోకి తెచ్చుకున్నాను. బజారు నుంచి కొత్త తాళం తెచ్చి వేశాను. ఇంట్లో చెప్పలేదు.

మరునాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చి షెడ్డు దగ్గరికి వెళ్ళాను. తాళంలో చెవి పెట్టి తిప్పబోతుంటే లోపల చప్పుడైంది. సుద్ద రాయి మీద రాస్తున్న చప్పుడు. గుండ్రంగా, నిదానంగా. తర్వాత చిన్నగా ఒక గీత. ఆగిపోయింది.

నోటికి ఏ వాక్యమూ రాలేదు. ఇన్నేళ్ళు కంఠతా పట్టినవాణ్ణి, పిల్లల చేత అప్పజెప్పించుకున్నవాణ్ణి, "ప్రభువా" అనే మాట తప్ప ఇంకేమీ దొరకలేదు. తలుపు తోశాను.

లోపల ఎవరూ లేరు. బండ మీద ఈసారి ఒక్కటే సున్నా. మత్తీయ. దాని మధ్యలో చిన్న పిన్ను ఉంది. పిన్ను తడిగా ఉంది. వికారాబాదు ఎండల్లో, రేకుల షెడ్డులో, అప్పుడే కడిగి పెట్టినట్టు తడిగా ఉంది.

చేతిలోకి తీసుకున్నాను. దాని రెండు కాళ్ళూ కలిసి నిటారుగా ఉన్నాయి. రంధ్రంలో దూర్చి ఉంటే కాళ్ళు విడిపోయి వంగి ఉండాలి. బలవంతంగా ఊడి ఉంటే తెగిపోవాలి. మూలకు వెళ్ళి ఫట్‌ఫటి ముందు ఇరుసు చూశాను. పిన్ను రంధ్రంలో నేను పెట్టిన గ్రీజు నిండి ఉంది, కదలకుండా. అందులో ఏదీ దూరలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, బండ అంచున పెట్టింది, తర్వాత చూద్దాంలే అనుకున్నది, బండ కడిగిన నీళ్ళలో చూడకుండా కొట్టుకుపోనిచ్చింది.

రత్నం తాగలేదు. రత్నాన్ని చంపింది నేను.

ఆ వారమంతా ఆ పిన్ను నా చొక్కా జేబులో ఉంది. దాన్ని బావిలో పడేస్తే లోకంలో ఎవరికీ తెలియదు. రెండుసార్లు బావి దాకా వెళ్ళాను. దొంగ పేరని ఏ పేరైతే రాయలేకపోయానో, ఆ పనే నేను చేసి కూర్చున్నానని అనిపించింది. ప్రతి మధ్యాహ్నం షెడ్డు తలుపుకు చెవి ఆనించి వినేవాణ్ణి. మళ్ళీ ఏ చప్పుడూ రాలేదు. రాకపోవడమే ఎక్కువ భయం పెట్టింది. చెప్పవలసింది చెప్పేసి, నా వంతు కోసం ఎవరో ఎదురుచూస్తున్నట్టు ఉండేది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఆదరణ కూటం మళ్ళీ అడగడానికి తాండూరు నుంచి వచ్చిన సుగుణమ్మ ఆడవాళ్ళ వైపు చివరి వరసలో, గోడకానుకుని ఉంది. లేచి నిలబడ్డాను. పిన్ను పైకెత్తి చూపించి, ఇది చక్రానికి ఉండవలసింది, నేను మరిచిపోయాను, రత్నం తాగలేదు, నా తప్పు వల్ల చనిపోయాడు అని చెప్పాను. ముందు వరసలకు తప్ప వినబడి ఉండదు. సంఘ పెద్ద, "కూసోండ్రి సారూ, మీరు మస్తు పరేషాన్ల ఉన్నరు" అన్నాడు.

కూర్చోబోయాను. వెనక నుంచి సుగుణమ్మ గొంతు వచ్చింది.

"కూసోకన్నా. మల్ల జెప్పు. ఎనుకకు ఇనవడలే."

మళ్ళీ చెప్పాను.

"ఇంకొక్కపారి జెప్పు. తాగలేదన్న మాట పెద్దగ జెప్పు."

మూడోసారి చెప్పాను. ఆమె నెత్తి మీద కొంగు సర్దుకుని కూర్చుంది. పాస్టరుగారు ఆ వారంలోనే ఆదరణ కూటం పెట్టించారు. రత్నాన్ని దేవుని సేవకుడని పిలిచారు. ప్రార్థన చేసింది ఆ సంఘ పెద్దే.

సున్నాల సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే పిన్ను సంగతి కూడా నమ్మరని భయం. అది సాతాను పని అనుకుందామంటే, నీతిమంతుని పేరు నిలబెట్టడం సాతానుకు ఎందుకు? దేవదూత అనుకుందామంటే, దేవదూతకు గని గీత ఎలా తెలుసు? నేనే నిద్రలో లేచి గీశానా అంటే, తలుపు బయట నిలబడి విన్న చెవులు నావే కదా.

కొన్నేళ్ళకు సుగుణమ్మకు జబ్బు చేసింది. చూడడానికి తాండూరు వెళ్ళాను. అడక్కుండానే ఆమెకు అంతా చెప్పాను. షెడ్డు, సుద్ద చప్పుడు, తడి పిన్ను, అన్నీ. ఆమె భయపడుతుందనుకున్నాను, లేదా ఓదార్పు పొందుతుందనుకున్నాను.

ఆమె పక్కకు తిరిగి పడుకుంది.

"నీ కాడికి రెండుపార్లు వచ్చిండు" అంది గోడ వైపు చూస్తూనే. "నేను రోజూ తలుపు దగ్గరికేసి పండుకున్న. గొళ్ళెం గూడ పెట్టలే. నా కాడికి ఒక్కపారి గూడ రాకపాయె."

చనిపోయినవాళ్ళు రారమ్మా అని చెప్పవలసినవాణ్ణి నేను. జీవితమంతా చెప్పిన మాటే అది. ఆ మంచం పక్కన కూర్చుని ఆ మాట అనలేకపోయాను. వచ్చింది రత్నమేనని కూడా అనలేకపోయాను. ఈ రోజుకూ ఆ రెండింట్లో ఏదీ అనలేను.