మేక బెంగ, నా పిచ్చి

ఈ కథ మొదట చెప్పినవాడు మా బావమరిది జోగి. నాకు చెప్పాడనుకునేరు! హుకుంపేట సంతలో ఉప్పు కొనేవాళ్ళకి చెప్పాడు, చింతపండు అమ్మేవాళ్ళకి చెప్పాడు. నా చెవిన పడేసరికి దానికి తోకా కొమ్ములూ మొలిచాయి. అసలు జరిగింది వినండి. ఒక్క మేక మూలంగా ఈ ఏడు విత్తనాల బుట్ట నా చెయ్యి దాటిపోయింది.

మా ఊళ్ళో విత్తనాల పండగకి ఇంటింటి నుంచీ గుప్పెడు సామలు, గుప్పెడు రాగులు తెచ్చి ఒకే బుట్టలో పోస్తారు. వాటిని కలిపి పంచే చెయ్యి మా అయ్యది. ఆయన తరవాత నాది. పిచ్చి పట్టిన చెయ్యి పడితే విత్తు మొలవదని మా ఊరి కట్టు. బెంగ పట్టిన చేతికి అడ్డు లేదు. బెంగ లేని గడప ఎక్కడుంది గనక!

ఏది పిచ్చి, ఏది బెంగ అని తేల్చేదీ నేనే. నా లెక్క ఖచ్చితం. పులి ఎదురుపడ్డవాడు నిద్రలో కేకలు పెడితే అది జడుపు, తాయెత్తుకి పోతుంది. పోయిన మనిషి కోసం ముద్ద దిగకపోతే అది బెంగ, దానికి కాలమే మందు. పోయిన మనిషి ఇంకా ఇంట్లోనే ఉందనుకుంటే అది పిచ్చి. దానికి మందు లేదు.

మొన్న చలికాలంలో నా ఇంటిది గంగి జ్వరంతో పోయింది. ఆమె పెంచిన మేక మేత మానేసింది. పనసాకు పెట్టాను, మూతి తిప్పుకుంది. చిక్కుడు తీగ పెట్టాను, వాసన చూసి వదిలేసింది. నన్ను చూస్తే ఊరంతా లేచి నిలబడుతుంది, ఈ మేక తోక చూపిస్తుంది! దానికి బెంగ అని తేల్చాను. కాలమే మందు అన్నవాణ్ణి నేనే. కానీ డొక్కలు తేలిపోతూ ఉంటే కాలం కోసం ఎలా కూచునేది?

అప్పుడొక ఉపాయం తోచింది. తోచకపోయినా బాగుండేది. గంగి కోక ముసుగేసుకుని, ఆమె కూచునే రాతిమీద కూచుని, ఆమె గొంతు పెట్టి, "దా తల్లీ, దా దా" అని పిలిచాను. మీసం ముసుగులోంచి బయటికే ఉంది. అయినా వచ్చింది! చేతిలో ఆకంతా తినేసింది.

జోగి ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలీదు.

"బావా, ఏటి సేత్తన్నావు?"

"కనబడ్డం లేదా? మేకకి మేతెడతన్నాను."

"మేకేది బావా? అది మేసేసి ఎప్పుడో ఎల్లిపోనాది. నువ్వింకా పిలుత్తన్నావు."

చూశాను. చేతిలో ఆకు లేదు, ముందర మేక లేదు.

"నోర్ముయ్యి, గుంటడా!" అన్నాను. వాడు ముయ్యలేదు. బేగి సంతకి పోయాడు.

పండగ ముందర, ఈ ఏడు బుట్ట నా చేతికివ్వొచ్చా అని తేల్చడానికి, మా చుట్టుపక్కల ఊళ్ళ మీద పెత్తనమున్న ముఠాదారు అరుగు మీద పెద్దలు కూచున్నారు. నాడి చూసే గురువు సుక్రన్న నా మొహం చూసి, మెల్లిగా, "అన్నా, మనసులో బెంగెట్టుకున్నావేటి?" అని అడిగాడు. ఊఁ అంటే చాలు, బుట్ట నా ఒళ్ళోకి వచ్చేది. కానీ అంతమంది ముందర, అందులో జోగి ముందర, నేనా!

"నాకు బెంగేటి? బెంగ మేకకి!" అన్నాను.

సుక్రన్న తల దించుకున్నాడు. జోగి దించుకోలేదు. "జడుపు కాదు. బెంగా కాదంతన్నాడు. మరి మా బావ లెక్క పెకారం మిగిలిందేటి?"

అందరూ నా వైపు చూశారు. లెక్క నాదే. ఏమని కాదనను?

బుట్ట జోగి చేతికి పోయింది. కలుపుతూ కలుపుతూ రాగులు నేలపాలు చేశాడు కూడా. చూశాను. మరిచిపోను.

గంగి ఉందనుకుని నేను పిలవలేదు. లేదని తెలిసే పిలిచాను. ఆమె గొంతు నా నోట్లోంచి వస్తూ ఉంటే ఆపబుద్ధి కాలేదు, అంతే.

మీలో ఎవరైనా సంతకి వెళితే జోగికి చెప్పండి. బుట్ట వాడి దగ్గరే ఉండనీ. "మా బావకి పిచ్చి కాదు, బెంగ" అని, ఏ నోటితో పాడుచేశాడో ఆ నోటితోనే ఉప్పు దగ్గరా, చింతపండు దగ్గరా దిద్దమనండి. సాక్ష్యానికి మాత్రం మేకని పిలవొద్దు. దాని బెంగ ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడది జోగి చేతి పనసాకే తింటోంది.